గోదావరి ఇరుదరుల గ్రంథాలయము



ఉదయమున ఖమ్మములో బస్సెక్కినవారు కొత్తగూడెము, పాల్వంచ, సారపాక దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలము చేరి, మధ్యాహ్న భోజనమునకు ముందే రామదర్శనము చేసికొనగల దినములివి. ఆ వంతెన 1965 నాటిది. అంతకు పూర్వము పడవయే గతి. ఇంకను వెనుకకు పోయినచో, ఆ పడవ ఎక్కినవాడు ఒక రాజ్యమును విడిచి మరియొక రాజ్యమున దిగెడివాడు. ఏలయన గోదావరికి ఈ దరి నిజాము ప్రభువుది. ఆ దరి 1860లో ఆంగ్లేయుల వశమై, మధ్యపరగణాల క్రింద కొన్ని యేండ్లు గడపి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాతో కలిసెను. ఈ దరిని కచేరీ భాష ఉర్దూ, ఆ దరిని ఇంగ్లీషు. ఇండ్లలో మాత్రము రెండు దరులను తెలుగే. అడవిలోనికి పోయిన కొలది కోయ.

ఈ రెండు దరులకు గ్రంథాలయ మెట్లు వచ్చినదో, వచ్చి యెట్లు పెరిగినదో, ఎచ్చట పెరుగక నిలిచిపోయినదో మీతో ముచ్చటింపదలచితిని. ఒక్క మాట ముందుగనే చెప్పెదను, నడుమ నడుమ మరల చెప్పెదను. రేడియోలో పుట వెనుకకు త్రిప్పి చూచుకొను వసతి మీకు లేదు గదా. ఆ మాట యిది. మన సీమలో గ్రంథాలయమునకు మనిషి ముందు వచ్చినాడు, ఇల్లు తరువాత వచ్చినది. పుస్తకమును మోసికొని వచ్చిన మనిషి యున్నచోట గ్రంథాలయము బ్రతికెను. ఇల్లు మాత్రమే కట్టియిచ్చిన చోట బీరువాకు తాళము పడెను.

ముందుగా ఈ దరి సంగతి.

నిజాము రాజ్యమున తెలుగు మాటలాడు జనులు దాదాపు సగము మంది యుండియు, తెలుగున చదువుకొనుటకు బడి దొరకుట దుర్లభముగా నుండిన కాలమది. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, రసీదు మీద ఉర్దూ. తెలుగు చదువగోరినవాడు దానిని ఇంటిలోనో, వీథి అరుగు మీద పంతులు వద్దనో నేర్చుకొనవలసినదే. అట్టి దినములలో, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు దానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు. లక్ష్మణరావుగారు మనకు పరాయివారు కారు. ఆయన జన్మించిన పెనుగంచిప్రోలు మన మధిర సీమకు పొరుగుననే యున్నది. మూడేండ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. ఖమ్మము అప్పటికి ఖమ్మంమెట్టు. వరంగల్లు జిల్లాలో ఒక తాలూకా కేంద్రము. కావున హనుమకొండలోని ఆ నిలయము మన జిల్లా గ్రంథాలయమే యన్నమాట.

ఆ పట్టణములనుండి ఈ పల్లెలకు పుస్తకము ఏ త్రోవన వచ్చెను? రైలు త్రోవన. సికింద్రాబాదు నుండి బెజవాడకు పోవు రైలుమార్గము 1889 నాటికి పూర్తియైనది. డోర్నకల్లు వద్ద దానినుండి ఒక శాఖ చీలి ఇల్లందు బొగ్గుగనులకు పోయెను. బొగ్గును తరలించుటకు వేసిన పట్టాలవి. అయినను, ఖమ్మము, మధిర, ఎర్రుపాలెము స్టేషనులలో ఆ బండి ఆగెడిది. ఆగినప్పుడెల్ల బెజవాడనుండి పత్రికల కట్టయో, చిన్న పుస్తకముల మూటయో దిగుటకు వీలుండెడిది. సర్కారు జిల్లాల ముద్రణాలయములు ఒక రాత్రి ప్రయాణపు దూరములోనికి వచ్చినవి.

ఆనాటి పల్లె గ్రంథాలయమును ఒకమారు తలచుకొనుడు. భవనమును తలచుకొనవలదు. ఒక గృహస్థుని ముందరి గది. గదిలో ఒక చెక్క బీరువా. బీరువాలో కొన్ని నవలలు, కొన్ని శతకములు, భారత భాగవతములు, ఒకటి రెండు చరిత్ర గ్రంథములు. బీరువా తాళపుచెవి ఆ గృహస్థుని మొలత్రాటికి. పుస్తకము కొనిపోయినవాని పేరు వ్రాయుటకు ఒక చిట్టా. సాయంకాలమున అరుగు మీద చాప పరచి లాంతరు పెట్టెడివారు. 1926 మే నెలలో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిన తరువాత, టపాలో అది వచ్చిన దినము అరుగు మీద చోటు చాలెడిది కాదు. చదువు వచ్చినవాడు ఒకడు బిగ్గరగా చదివెడివాడు, తక్కినవారు వినెడివారు. నాగలి విడిచి వచ్చినవాడు వినెడివాడు, మగ్గము దిగి వచ్చినవాడు వినెడివాడు, అక్షరము రానివాడు అందరికన్న శ్రద్ధగా వినెడివాడు. మీరిప్పుడు రేడియో వినుచున్నట్లే వారు పత్రికను వినిరి.

ఇచ్చట గమనింపవలసినది ఒకటున్నది. ఆ గది గృహస్థునిది, ఆ లాంతరు నూనె గృహస్థునిది, పత్రిక చందా నలుగురు కలిసి వేసికొన్నది. ప్రభుత్వమునుండి పైసా రాలేదు. రాకపోగా అనుమానము వచ్చినది. తెలుగువారు నలుగురు కూడిన చోటెల్ల అధికారుల దృష్టి పడెడిది. 1929లో వచ్చిన యాబది మూడవ గస్తీ నిషాను అను ఉత్తరువు ప్రకారము ప్రజలు సభ జరుపుకొనవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసి వచ్చెను. తెలంగాణమున ఆ గస్తీ పేరు తలచినచో ముసలివారు నిన్నమొన్నటి వరకు పెదవి విరిచెడివారు.

కథ ఇంతవరకు వచ్చినది గావున మధిరను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. హైదరాబాదున 1921 నవంబరులో ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఒక సభలో తెలుగున మాటలాడబోయిన న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారిని సభవారు ఎగతాళి చేసి మాటలాడనీయకపోగా, ఆ అవమానమునుండి పుట్టిన సంఘమది. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము. ఆ సంఘము తలపెట్టిన పనులలో గ్రంథాలయములను, పఠన మందిరములను నెలకొల్పుట యొకటి. ఆ పనికి సంబంధించి నిజాము రాష్ట్రమున తొలి గ్రంథాలయ మహాసభ ఎచ్చట జరిగెను? రాజధానిలో కాదు. 1925 ఫిబ్రవరిలో, మన మధిరలో, పింగళి వెంకట్రామారెడ్డిగారి అధ్యక్షతన జరిగెను.

మధిరయే ఎందులకు? ఇది నా యూహ. మీకు నచ్చినచో గ్రహింపుడు. మధిర రైలు త్రోవలోని ఊరు. బెజవాడకు దగ్గర. బెజవాడలో గ్రంథాలయోద్యమము అప్పటికే పదేండ్ల వయస్సు గలది. 1914 ఏప్రిల్ 10న అచ్చటి రామమోహన గ్రంథాలయమున, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన, ఆంధ్రదేశ గ్రంథాలయ భాండాగారుల మహాసభ జరుగగా, అయ్యంకి వెంకటరమణయ్యగారు దానిని నడిపిన చేయి. మరుసటి సంవత్సరమున గ్రంథాలయ సర్వస్వము అను పత్రిక కూడ మొదలైనది. ఆ గాలి సరిహద్దు దాటి మొట్టమొదట తాకునది మధిరనే. మరియొక కారణము కూడ కలదు. రాజకీయ సభ యన్నచో అధికారులు ఉలికిపడెడివారు. గ్రంథాలయ సభ యన్నచో, పుస్తకములు చదువుకొనువారు పోనిమ్మని కొంత ఉపేక్షించెడివారు. పుస్తకము పేరిట కూడినవారు పుస్తకము గూర్చియే మాటలాడిరో, మరి వేని గూర్చియైన మాటలాడిరో, అటు తరువాతి ఇరువదియేండ్ల చరిత్రయే చెప్పుచున్నది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ. 1945లో మన ఖమ్మములోనే రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన పన్నెండవ మహాసభ. అరుగు మీద పత్రిక విన్నవారి పిల్లలే ఆ సభల పందిళ్లలో కూర్చుండిరని నేను నమ్ముదును.

మనిషి ముందు, ఇల్లు తరువాత అంటిని. ఆ మాటకు నిలువెత్తు సాక్షి యొకడు కలడు. వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ సీమలో పేదయింట పుట్టి, ఒక ఉపాధ్యాయుని యింట వంటచేసిపెట్టుచు చదువు నేర్చినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినాడు. స్థాపించి, హైదరాబాదులో దుకాణము తెరచి కూర్చుండలేదు. పుస్తకముల మూట భుజమున వేసికొని ఊరూర తిరిగినాడు. కొనగలవారికి అమ్మినాడు. ఆయన వెంట నడిచినది గ్రంథాలయమే. దానికి కప్పు లేదు, కిటికీ లేదు, బల్ల లేదు. అటు తరువాత నిజామాబాదు కారాగారమున ఆయనతో పాటు బందీయైన యువకవి దాశరథి కృష్ణమాచార్యులుగారు ఖమ్మము ఉన్నత పాఠశాలలో చదివినవారు. ఖమ్మమున చదువు, జైలులో ఆళ్వారుస్వామి సాహచర్యము. ఆ కవికి దొరకిన విశ్వవిద్యాలయములలో ఈ రెంటిని విడిచి లెక్కించుట సాధ్యము కాదు.

ఇక ఆ దరికి పోవుదము. పడవ ఎక్కుడు.

ఆ దరి మద్రాసు రాజధాని. గ్రంథాలయము పెట్టుకొనుటకు ఎవరును అడ్డు చెప్పనిచోటు. అయ్యంకివారి యుద్యమము గోదావరి, కృష్ణా మండలములలో ఊరూర వ్యాపించినది. రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయము వంటి నిలయములు వెలసినవి. అట్లయినచో భద్రాచల సీమ పుస్తకములతో నిండవలసినది గదా! నిండలేదు. అడ్డు చెప్పినవాడు లేకపోవుట వేరు, తెచ్చియిచ్చినవాడు ఉండుట వేరు.

డెల్టాలో జరిగినదేమో చూడుడు. 1935 అక్టోబరులో గుంటూరు జిల్లా పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు ఒక పడవలో పుస్తకములు పెట్టించి కాలువ మీద నడిపించిరి. కొల్లూరు, పెదవడ్లపూడి ఊళ్ల నడుమ ఆ పడవ పోయెడిది. పడవ ఆగిన రేవులో రైతులు పాత పుస్తకము తిరిగియిచ్చి క్రొత్తది కొనిపోయెడివారు. తమిళదేశమున మన్నారుగుడి వద్ద 1931లోనే ఎడ్లబండి మీద పుస్తకములు పల్లెలకు పోయినవి. కాలువయున్నచోట పడవ, బాటయున్నచోట బండి. చక్కని యుపాయములు. గోదావరి కాలువ కాదు. పాపికొండల ఇరుకున రాజమహేంద్రవరమునుండి లాంచీ ఎగువకు ఎక్కి రావలెను. వేసవిలో ఇసుకమేటలు, వానకాలమున వరద. రేవు దిగిన తరువాత కూనవరమునకో, దుమ్మగూడెమునకో, చర్లకో అడవిబాట. ఆ బాటను మన్నెపు జ్వరమునకు వెరచి ఉద్యోగులే తప్పించుకొన జూచెడివారు. పుస్తకమును ఎత్తుకొనువాడు ఎవడు? డెల్టా వాని పడవ డెల్టాలోనే ఆగిపోయెను.

1948లో మద్రాసు ప్రభుత్వము గ్రంథాలయ చట్టము చేసెను. దాని వెనుక గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారి పాటు ఎంతయో యున్నది. ప్రజల ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్ను కొంత వసూలుచేసి, ఆ ధనముతో జిల్లాకొక గ్రంథాలయ సంస్థను నడుపవలెనని ఆ చట్టము చెప్పినది. భారతదేశమున దానికి ముందు అట్టి ప్రయత్నము సరిగా సాగలేదు. చట్టము గొప్పది. భద్రాచలము కూడ ఆ చట్టపు నీడలోనిదే. జిల్లాకేంద్రమైన కాకినాడ ఎచ్చట, శబరి యొడ్డున కోయపల్లె ఎచ్చట! ఈ దరిని హైదరాబాదు రాష్ట్రము 1955లో తన చట్టమును తాను చేసికొనెను. ఇట్లు కొంతకాలము గోదావరికి ఒక్కొక్క దరిని ఒక్కొక్క గ్రంథాలయ చట్టము నడిచినది. నదిలో సగము దూరము పోయిన పడవవాడు ఏ చట్టము క్రింద చదువరియో చెప్పుట కష్టము.

ఆ తరువాతి సంగతులు చకచక చెప్పెదను. 1953 అక్టోబరు 1న ఖమ్మము ప్రత్యేక జిల్లా అయినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరినుండి విడదీసి ఖమ్మమునకు చేర్చిరి. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చి పై రెండు చట్టములను ఒక్కటి చేసినది. 1965లో వంతెన. ఆరేండ్ల వ్యవధిలో ఒక్క జిల్లా, ఒక్క చట్టము, ఒక్క బాట. రెండు దరులకు ఉమ్మడిగా జిల్లా గ్రంథాలయ సంస్థ. దాని క్రింద ఖమ్మమున కేంద్ర గ్రంథాలయము, పట్టణములలో శాఖా గ్రంథాలయములు, పల్లెలలో పుస్తక నిక్షిప్త కేంద్రములు. గృహస్థుని మొలత్రాటికి వ్రేలాడిన తాళపుచెవి జీతము పుచ్చుకొను గ్రంథపాలకుని చేతికి వచ్చినది. అరుగు మీది చాప స్థానమున బల్లలు, కుర్చీలు వచ్చినవి. కొంచెమో గొప్పయో, వార్తాపత్రిక ఉదయము తొమ్మిదింటికి ఎవరింటి గడప తొక్కనక్కరలేకుండ చదువుకొను హక్కు బీదవానికి దొరకినది. ఈ లాభమును చిన్నదని నేను అనను.

కాని శ్రోతలారా, ఆ చట్టములో ఒక మెలిక యున్నది. దానిని చట్టము చేసినవారు దురుద్దేశముతో పెట్టలేదు. గ్రంథాలయమునకు వచ్చు ధనము ఇంటిపన్ను మీద వచ్చును. నేడు రూపాయి యింటిపన్నుకు ఎనిమిది పైసలు గ్రంథాలయపు పన్ను. మేడలున్న ఊరిలో ఇంటిపన్ను హెచ్చు, కావున గ్రంథాలయపు పన్ను హెచ్చు. తడికగోడ, గడ్డికప్పు గల గూడెమున ఇంటిపన్ను ఎంత? దానిపై ఎనిమిది పైసలు ఎంత? కాలువ ఎగువ మడి నిండిన తరువాతనే దిగువ మడికి నీరు చేరునట్లు, ఈ ధనము పట్టణము నిండిన పిమ్మట అడవి మొగము చూచును. ప్రభుత్వము తన బొక్కసమునుండి జీతములకు, భవనములకు ఇచ్చుచున్న మాట నిజమే. అయినను పన్ను లెక్కతో నడచు ఏర్పాటులో, పుస్తకము ఎవనికి అందరాదో వానికే పుస్తకము ఆలస్యమగుట తప్పదు. ఈ సంగతిని మరల చెప్పుచున్నాను: ఇంటిని బట్టి గ్రంథాలయము వచ్చునని చట్టము అనుకొన్నది. మన సీమ చరిత్ర చూచినచో మనిషిని బట్టి వచ్చినది.

ఈ మాట మీద ఒకరు నన్ను అడుగవచ్చును: అడవిలోని కోయవారికి గ్రంథాలయమేల, వారు చదువరులా అని. వినుడు.

కోయలలో డోలీలని ఒక తెగవారు కలరు. వంశములు ఎట్లు పుట్టినవో, ఏ గోత్రమువారికి ఏ వేల్పో, ఎవరు ఎవరితో వియ్యమందదగునో కథలుగా చెప్పుట వారి వృత్తి. కథ చెప్పునప్పుడు పడిగె యను బొమ్మల గుడ్డను విప్పి నిలుపుదురు. డోలు మ్రోగును. గుడ్డమీది బొమ్మలు దాటుచు గాయకుడు తరముల కథ పాడును. వేల్పుల కొలుపులందు రాత్రంతయు అది సాగును. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు అట్టి గాయకులు. సమ్మక్క సారలమ్మల కథయు, గిరికామరాజు కథయు, పగిడిద్దరాజు కథయు కోయలోను తెలుగులోను పాడగలిగినవారు. 2022లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చినది. 2024లో వారు కాలధర్మము చెందిరి. కావ్యము నోట నిలుపుకొన్న జాతిని చదువరులు కారనుట మన తొందర. వారికి లేనిది కథ కాదు. వారి కథ అచ్చులో వారి చేతికి రాకపోవుట కొరత.

ఆ కొరత ఎట్టిదో ఒక్క ఉదాహరణము. హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు నిజాము రాజ్యమునకు వచ్చి, పాపికొండల వద్ద గోదావరి యొడ్డున కొండరెడ్ల నడుమ నివసించి, వారి జీవనమును గూర్చి 1945లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. విలువగల గ్రంథము. అది ఇంగ్లీషులో వచ్చినది. అందులో ఎవరి తాతల పేర్లున్నవో, ఎవరి పోడు భూముల వర్ణనయున్నదో, ఆ రెడ్లు దానిని చదువలేరు. లండనులో ఒక విద్యార్థి బీరువా తెరచి భద్రాచలపు కొండలను గూర్చి చదువుకొనగలడు. ఆ కొండ మీది పిల్లవాడు చదువుకొనలేడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003–04 ప్రాంతమున గిరిజన బాలురకు తల్లిభాషలో చదువు మొదలుపెట్టిరి. ఎనిమిది భాషలు ఎంచుకొనిరి. అందు కోయ యొకటి. కోయ మాటను తెలుగు లిపిలో అచ్చువేసి వాచకములు చేసిరి. కోయ పిల్లవాడు తన యింటి మాటను కాగితము మీద చూచుట అదియొక క్రొత్త సంగతి. వాచకము బడివరకు వచ్చినది. వాచకము ముగిసిన తరువాత చదువుకొనుటకు మరియొక కోయ పుస్తకము? ఇచ్చటనే గ్రంథాలయము పని మొదలు కావలసినది. డోలీల కథలు వ్రాయించి, అచ్చువేసి, పడిగెల బొమ్మలతో చిన్న పుస్తకములు చేసి, భద్రాచలము, చర్ల, దుమ్మగూడెము, అశ్వారావుపేట శాఖలలో ఒక అర నిండ పెట్టినచో, అది ఏ హైదరాబాదు గ్రంథాలయములోను దొరకని అర యగును.

తీసికొనిపోవు ఉపాయము కూడ మన చేతిలోనే యున్నది. ఏజెన్సీలో వారపు సంత కలదు. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, గాజులు కొనుటకు కొండదిగి జనులందరు సంతకు వత్తురు. ఇప్పపువ్వు, చింతపండు, తేనె అమ్ముకొందురు. వారు గ్రంథాలయమునకు రాకున్నను సంతకు తప్పక వత్తురు. సంతలో ఒక చెట్టు క్రింద పుస్తకముల పెట్టె తెరచి, చదువు వచ్చిన కోయ యువకుని ఒకనిని దాని ప్రక్కన కూర్చుండబెట్టినచో, ఒక కథ బిగ్గరగా చదివినచో, ఆశ్రమ పాఠశాల పిల్లలు మూగక మానరు. ఆళ్వారుస్వామి మూట, నాగభూషణముగారి పడవ, మన సంత పెట్టె ఒకే వంశమునకు చెందినవి.

మరియొక చిక్కు కూడ విస్మరింపరాదు. నీరు. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులు చేరినచో మొదటి హెచ్చరిక, 53 అడుగులు చేరినచో మూడవది. 1986 ఆగస్టులో నది 75 అడుగులు దాటెను. 2022 జులైలో 71 అడుగులు దాటెను. ఆ నీటి మట్టమెరిగిన ఊరిలో పుస్తకమును క్రింది అరలో పెట్టువాడు సాహసికుడు. వరద లేని నెలలలో చెదలు. అడవి చెదలకు వేదాంతమును పంచాంగమును ఒకే రుచి.

సరిహద్దులు మరల కదలినవి. 2014లో తెలంగాణము వేరైన తరుణమున, పోలవరము ముంపు నెపమున ఏడు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. కూనవరము, చింతూరు, కుక్కునూరు వంటివి అందులోనివి. భద్రాచల పట్టణము తెలంగాణమున నిలిచినది. పట్టణమునకు కూతవేటులోని కొన్ని పల్లెలు మరియొక రాష్ట్రమైనవి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేరుపడినది. అయినను, అట్లు పోయిన ఎటపాక రైతు భద్రాచలము మార్కెట్టునకు వచ్చుట మానలేదు. ఆయన పిల్లవాడు భద్రాచలము గ్రంథాలయపు బల్లవద్ద కూర్చుండి పత్రిక చదివినచో, నీ రాష్ట్రమేదని అడుగు గ్రంథపాలకుడు ఉండడనియే నేను తలంచుచున్నాను. పూర్వము రెండు రాజ్యముల నడుమ ఆడిన పడవ అడిగినది రేవు కూలి మాత్రమే.

ఇక నేటి ఖమ్మము. జిల్లాకేంద్ర గ్రంథాలయమునకు ఒక ఉదయము పోయి చూడుడు. ఉద్యోగ పరీక్షల ప్రకటన వెలువడిన నెలలలో కుర్చీ దొరకదు. పల్లెలనుండి వచ్చి గదులు అద్దెకు తీసికొన్న యువతీయువకులు తమ పుస్తకములు తామే తెచ్చుకొని, అన్నపు డబ్బా ప్రక్కన పెట్టుకొని, సాయంకాలము వరకు కదలరు. బీరువాలోని కావ్యమును, నవలను ముట్టరు. పూర్వపు చదువరులు కొందరు దీనిని చూచి నొచ్చుకొందురు: ఇది గ్రంథాలయమా, పరీక్షల సత్రమా యని. నాకట్లు తోచదు. ఇంటిలో బల్లలేని పిల్లకు బల్ల దొరకినది, విద్యుద్దీపము దొరకినది, నిశ్శబ్దము దొరకినది. నిజాము కాలమున అరుగు మీద లాంతరు వెలుగునకు వచ్చినవాడు కూడ కావ్యరసాస్వాదనకు మాత్రమే రాలేదు. తన బ్రతుకు మార్చుకొను త్రోవ వెదకుచు వచ్చినాడు. పరీక్ష ముగిసిన దినమున ఆ పిల్ల బీరువా వైపు ఒకమారు చూచునట్లు చేయుట గ్రంథపాలకుని నేర్పు. ఆమె చేతికి ఒక దాశరథి రంగాచార్య నవల నందించి, ఇది మీ సీమ కథయే, చదువుడని చెప్పగల మనిషి ఒకరు అచ్చట ఉండవలెను. గ్రంథపాలకుల ఖాళీలు ఏండ్ల తరబడి నింపక, ఉన్నవాడు రెండు మూడు శాఖలు చూడవలసి వచ్చినచో, అతడు తాళము తీయుటకు, వేయుటకు మాత్రమే మిగులును.

ముగించుటకు ముందు మీకొక చిన్న పని చెప్పెదను. ఇంటిలో ఇంటిపన్ను రసీదు ఎచ్చటనో దాచియుందురు. తీసి చూడుడు. అందులో గ్రంథాలయపు పన్ను అని ఒక వరుస యుండును. ప్రక్కన కొద్ది పైకము. అది మీరు చెల్లించినది. మీ మండలములోని శాఖా గ్రంథాలయమునకు పోయి, సభ్యత్వపు ధరావతు ఎంతయో అడిగి, సంతకము చేసి, ఒక పుస్తకము ఇంటికి కొనిరండు. మీకు కావలసిన పుస్తకము లేకున్నచో, దాని పేరు ఒక కాగితము మీద వ్రాసి, మీ సంతకముతో గ్రంథపాలకునికి ఇచ్చి రండు. కోయ తెలిసినవారు, కోయ పుస్తకము కావలెనని వ్రాయుడు. తెలుగులోనే వ్రాయుడు, పరవాలేదు.